కరెంటు ఆటో కొనేముందు వేసుకోవలసిన లెక్క

ఇరవై ఎనిమిదేళ్లుగా నేను బడిలో లెక్కలు చెబుతున్నాను. బారువడ్డీ, చక్రవడ్డీ పాఠాలు ఎన్ని తరగతులకు చెప్పానో నాకే గుర్తు లేదు. అయినా ఒక తండ్రి అప్పు కాగితం తెచ్చి నా ముందు పెట్టిన రోజు ఆ పాఠం నాకు పనికిరాలేదు. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

ఆయన కొడుకు అప్పట్లో మా బడిలో పదో తరగతి. తండ్రి నల్లగొండ అడ్డా మీద కిరాయికి డీజిల్ ఆటో నడిపేవాడు. తెల్లారి లేస్తే బండి యజమానికి కిరాయి, బంకులో డీజిల్ ఈ రెండూ పోను మిగిలిందే ఇల్లు. ఎవరో కరెంటు ఆటో సంగతి చెప్పారట. నా సలహా అడగడానికి వచ్చాడు. "పొగ ఉండదు, డీజిల్ ఖర్చు ఉండదు, బండి మీ సొంతం అవుతుంది. తీసుకోండి భాయ్" అన్నాను. కాగితం చూపించి "వడ్డీ 12 శాతమే సార్" అన్నాడు. నేను అంకె చూశాను, దాని పక్కనున్న మాట చూడలేదు. "బాగానే ఉంది" అన్నాను.

పద్నాలుగు నెలల తర్వాత మూడు కిస్తీలు తప్పాయి. ఫైనాన్స్ వాళ్లు వచ్చి బండి తీసుకుపోయారు. డౌన్ పేమెంట్ కోసం అమ్మిన ఇల్లాలి కమ్మలు పోయాయి. పిల్లవాడు పదో తరగతి మంచి మార్కులతో పాసై కూడా ఇంటర్‌లో చేరలేదు. ఇప్పుడు టైర్ల దుకాణంలో పని చేస్తున్నాడు.

అదే వీధిలో ఇంకో డ్రైవరు దాదాపు అదే ధరకు అలాంటి బండే కొన్నాడు. అతని బండి ఇవాళ్టికీ తిరుగుతోంది, పిల్లలు చదువుకుంటున్నారు. ఇద్దరూ కష్టజీవులే. మరి తేడా ఎక్కడ వచ్చింది? ఆ ఇద్దరి కాగితాలూ ముందు వేసుకుని లెక్క కట్టాను. నాకు తెలిసివచ్చిన సంగతులు పాఠకులతో పంచుకుంటాను.

పొగ ఎవరి వాటా?

మన దేశంలో గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేకపోతున్న నగరాల కోసం కేంద్ర ప్రభుత్వం 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం ప్రారంభించింది. ఆ జాబితాలో తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డితో పాటు మా నల్లగొండ కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి విజయవాడ, గుంటూరు, కర్నూలు, కడప, నెల్లూరు సహా 13 పట్టణాలు ఉన్నాయి. అంటే ఇది ఢిల్లీ వాళ్ల బాధ మాత్రమే కాదు.

గాలిలో తేలే అతి సన్నని ధూళిని పిఎం 2.5 అంటారు. మన తల వెంట్రుక మందంలో ఇరవయ్యో ముప్పయ్యో వంతు ఉంటుంది. ముక్కులో ఆగదు, ఊపిరితిత్తుల లోతుల దాకా పోతుంది. ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన ప్రమాణాన్ని 5కు తగ్గించింది.

ఈ పొగ అందరికీ సమానంగా పంపిణీ కాదు. కారు అద్దాలు ఎత్తుకుని పోయేవాడు తక్కువ పీలుస్తాడు. రోజుకు పన్నెండు గంటలు అడ్డా మీద, సిగ్నళ్ల దగ్గర గడిపే ఆటో డ్రైవరు, రోడ్డు పక్కన బండి పెట్టుకున్న పండ్ల వ్యాపారి, ఇరుకు గల్లీలో గుమ్మం ముందే ఆడుకునే పిల్లలు ఎక్కువ పీలుస్తారు. పొగ లేని బండి అవసరం ఎవరికి ఎక్కువో, దాన్ని కొనగలిగే శక్తి వారికే తక్కువ. అసలు సమస్య ఇది.

"కరెంటు కూడా బొగ్గు నుంచే కదా సార్, పొగ ఎక్కడికి పోయింది?" అని మా పిల్లలు అడుగుతుంటారు. మంచి ప్రశ్న. మన దేశంలో కరెంటు దాదాపు ముప్పాతిక వంతు బొగ్గు నుంచే వస్తోంది. కాబట్టి కరెంటు బండి పూర్తిగా కాలుష్యం లేనిదని చెప్పలేం. అయితే ఇంజన్ బండి వేడి రూపంలో వృథా చేసేంత శక్తిని మోటారు వృథా చేయదు. పైగా ఆ పొగ మన గల్లీలో, మన పిల్లల ముఖాల మీదికి రాదు. సౌర విద్యుత్తు పెరిగేకొద్దీ ఇవాళ కొన్న బండే రేపు ఇంకా శుభ్రమవుతుంది. డీజిల్ బండి పాతబడేకొద్దీ పొగ పెరుగుతుంది.

రెండు రకాల బండ్లు

జనం అన్నింటినీ "బ్యాటరీ ఆటో" అనేస్తారు గానీ చట్టం దృష్టిలో ఇవి రెండు రకాలు.

మొదటిది ఇ-రిక్షా. ఢిల్లీ, ఉత్తర భారతంలో లక్షల సంఖ్యలో కనిపిస్తుంది. చాలా ఏళ్లు దీనికి చట్టంలో స్థానమే లేదు. 2014 జులైలో ఢిల్లీ హైకోర్టు వీటిని నిలిపివేసింది. ఒక్క రోజులో వేల కుటుంబాలకు బతుకుతెరువు ఆగిపోయింది. ఆ తర్వాత కేంద్రం నిబంధనలు తెచ్చింది, 2015లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించింది. వేగం గంటకు 25 కిలోమీటర్లు మించరాదు, నలుగురు ప్రయాణికులు మించరాదు. సాధారణంగా వీటిలో లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగైదు ఉంటాయి. ఇవి చవక, కానీ రోజూ తిరిగే బండిలో ఏడాది అటూ ఇటూగా మార్చవలసి వస్తుంది.

రెండోది ఎలక్ట్రిక్ ఆటో. చూడడానికి మామూలు ఆటోలాగే ఉంటుంది. లిథియం బ్యాటరీ ఉంటుంది, సామర్థ్యం సుమారు 7 నుంచి 11 యూనిట్లు. మామూలు ఆటో వేగంతోనే పోతుంది. ధర రమారమి మూడు నుంచి నాలుగు లక్షలు. మా దగ్గరలా ఊరి నుంచి పల్లెలకు, హైవే మీద తిరగవలసిన చోట ఇదే పనికొస్తుంది. నేను చెప్పబోయే లెక్క ఈ బండిదే.

ఇదేదో కొత్త ప్రయోగం అనుకోవద్దు. 2023లో మన దేశం చైనాను దాటి ప్రపంచంలోనే అత్యధికంగా మూడు చక్రాల కరెంటు బండ్లు కొన్న దేశమైంది. 2024లో మన దేశంలో అమ్ముడైన మూడు చక్రాల బండ్లలో సగానికి పైగా కరెంటువే. కార్లలో ఈ మార్పు చాలా నెమ్మదిగా ఉంది. ముందు మారింది ఆటోవాడే. అతనికి ఉపన్యాసాలు అక్కరలేదు, రోజూ బంకులో ఇచ్చే డబ్బే చెబుతుంది.

మొదటి లెక్క: కిలోమీటరు ఖర్చు

రోజుకు 100 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరుగుతాడనుకుందాం.

డీజిల్ ఆటో లీటరుకు 30 కిలోమీటర్లు ఇస్తే, లీటరు 96 రూపాయల చొప్పున రోజుకు 320 రూపాయలు. నెలకు 8,320.

కరెంటు ఆటోకు 100 కిలోమీటర్లకు ఛార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి మీటరు మీద 9 యూనిట్లు తిరుగుతాయనుకుందాం. నెలకు 234 యూనిట్లు. దీనికి ఎంత ఖర్చు? ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఛార్జింగ్ ఎక్కడ పెడతారన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

తెలంగాణలో తెల్ల రేషన్ కార్డు ఉండి, నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తోంది. మొదటి డ్రైవరు ఇంట్లో 110 యూనిట్లు కాలేవి, బిల్లు సున్నా. బండి ప్లగ్గు పెట్టాక 110, 234 కలిసి 344 అయ్యాయి. 200 దాటితే సున్నా బిల్లు పోతుంది, మొత్తానికీ కట్టాలి. మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020, తర్వాతి 100కు 7.70 చొప్పున 770, మిగిలిన 44కు 9 రూపాయల చొప్పున 396. మొత్తం 2,186 రూపాయలు, మిగతా ఛార్జీలు అదనం. బండికి వాడిన 234 యూనిట్ల మీద పంచి చూస్తే యూనిట్‌కు 9 రూపాయల 34 పైసలు పడింది.

పైగా అది అద్దె ఇల్లు. "మీ బండి వల్ల వైర్లు కాలిపోతాయి" అని ఇంటి యజమాని రెండో నెలలోనే వద్దన్నాడు. ఆయన భయాన్నీ తప్పుపట్టలేం. దాంతో బయట డబ్బులిచ్చి ఛార్జింగ్ పెట్టుకోవలసి వచ్చింది. యూనిట్‌కు 15 చొప్పున నెలకు 3,510.

రెండో డ్రైవరుది చిన్నదే అయినా సొంత ఇల్లు. అతను బండి కోసం విడిగా మీటరు తీసుకున్నాడు. తెలంగాణ టారిఫ్‌లో ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్‌కు ప్రత్యేక కేటగిరీ ఉంది, యూనిట్‌కు 6 రూపాయలు. 234 యూనిట్లకు 1,404. ఇంటి మీటరు మీద సున్నా బిల్లు అలాగే ఉండిపోయింది.

ఒకే బండి, ఒకే దూరం. ఒకరికి 1,404, మరొకరికి 3,510. చదువుకున్న వాళ్లం మనం చేయగలిగిన మొదటి సాయం, ఈ విడి మీటరు సంగతి చెప్పడం, దరఖాస్తు నింపిపెట్టడం. బండి ఛార్జింగ్ కోసం విడి కనెక్షన్ పొందే వీలు 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లోనూ ఉంది.

రెండో లెక్క: 12 శాతం ఎప్పుడు 12 శాతం కాదు?

ఇప్పుడు నేను చదవని మాట దగ్గరికి వద్దాం. కాగితంలో 12 శాతం పక్కన "ఫ్లాట్" అని ఉంది.

మూడు లక్షల అప్పు, 36 నెలలు. ఫ్లాట్ పద్ధతిలో మూడేళ్లూ మొత్తం మూడు లక్షల మీదే వడ్డీ వేస్తారు. ఏడాదికి 36,000, మూడేళ్లకు 1,08,000. అసలు, వడ్డీ కలిపి 4,08,000. 36తో భాగిస్తే నెల కిస్తీ 11,333.

కానీ మూడేళ్లూ మన దగ్గర మూడు లక్షలు ఉండవు కదా! నెలనెలా అసలు తీరుతూ వస్తుంది. ఏడాదిన్నర గడిచేసరికి దాదాపు సగం తీరిపోతుంది. తీరిన అప్పు మీద కూడా వడ్డీ కట్టడమే ఫ్లాట్ పద్ధతి. మిగిలిన అసలు మీదే వడ్డీ వేసే పద్ధతిని తగ్గే నిల్వ పద్ధతి అంటారు. అదే 12 శాతం ఈ పద్ధతిలో అయితే నెల కిస్తీ 9,964. మూడేళ్ల వడ్డీ సుమారు 58,700.

తేడా 49,000 రూపాయల పైచిలుకు. ఫ్లాట్ 12 శాతాన్ని తగ్గే నిల్వ పద్ధతిలోకి మారిస్తే అది సుమారు 21 శాతం వడ్డీతో సమానం. మొదటి డ్రైవరు తీసుకున్నది 21 శాతం అప్పు. అతనికి చెప్పింది 12. నేనూ 12 అనే అనుకున్నాను.

రిజర్వ్ బ్యాంకు ఆదేశాల ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇలాంటి అప్పులన్నింటికీ ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. అది అప్పు తీసుకునే వ్యక్తికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో వార్షిక శాతం రేటు అని ఒక అంకె ఉంటుంది. వడ్డీతో పాటు ప్రాసెసింగ్ ఫీజు వంటి ఖర్చులన్నీ కలిపి తేల్చిన అసలు రేటు అది. నోటితో చెప్పిన అంకెను వదిలేసి ఆ అంకె చూడండి. రెండు చోట్ల అడిగి ఆ రెండు అంకెలనే పోల్చండి.

ఇద్దరి నెల లెక్క

ఇద్దరూ అంతకుముందు రోజుకు 350 కిరాయి కట్టేవాళ్లు. నెలకు 9,100. డీజిల్ 8,320 కలిపితే 17,420.

మొదటి డ్రైవరు కొత్త ఖర్చు: కిస్తీ 11,333, ఛార్జింగ్ 3,510, మొత్తం 14,843. పాతదానికన్నా 2,577 తక్కువ. చూడగానే లాభమే. కానీ బయట ఛార్జింగ్ దగ్గర వరుసలో నిలబడిన గంటల్లో రోజుకు వంద రూపాయల గిరాకీ పోయినా 26 రోజులకు 2,600 పోయినట్టే. లాభం అక్కడికక్కడే అయిపోయింది. అంతకుముందు ఇన్సూరెన్స్, రిపేర్లు బండి యజమాని చూసుకునేవాడు, ఇప్పుడు అవీ ఇతని మీదే. ఇంట్లో ఒక జ్వరం వస్తే, పది రోజులు బండి ఆగితే, కిస్తీ ఆగదు.

రెండో డ్రైవరు: బ్యాంకు అప్పు కిస్తీ 9,964, ఛార్జింగ్ 1,404, మొత్తం 11,368. నెలకు 6,052 మిగులు. అందులోంచి రెండు వేలు ఇన్సూరెన్స్ కోసం, రేపటి బ్యాటరీ కోసం పక్కన పెడుతున్నాడు.

బండి తప్పు కాదు, మనిషి తప్పూ కాదు. అప్పు తీరు, ప్లగ్గు ఉన్న చోటు — ఈ రెండే ఒకరిని నిలబెట్టాయి, ఒకరిని పడగొట్టాయి.

మూడో లెక్క: బ్యాటరీ ఆయుష్షు

బండి ధరలో పెద్ద వాటా బ్యాటరీదే. కాబట్టి వారంటీ కాగితం అప్పు కాగితమంత జాగ్రత్తగా చదవాలి. "మూడేళ్లు లేదా 80,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది" అని ఉందనుకోండి. రోజుకు 100 చొప్పున ఏడాదికి 31,200 కిలోమీటర్లు. అంటే 80,000 సుమారు 31 నెలల్లో పూర్తవుతుంది. కిస్తీలు 36 నెలలు. చివరి అయిదు నెలలు వారంటీ లేని బ్యాటరీతో అప్పు కట్టాలి. కిలోమీటర్ల హద్దు ఎక్కువ ఉన్న బండికి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఫర్వాలేదని నేను అంటాను.

భద్రత విషయంలోనూ రాజీ పడకూడదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మొదలైన మంటలు పైనున్న లాడ్జిని కమ్మి 8 మంది ప్రాణాలు తీశాయి. ఆ ఏడాది జరిగిన ప్రమాదాల తర్వాత రెండు, మూడు చక్రాల బండ్ల బ్యాటరీలకు ఏఐఎస్ 156 అనే ప్రమాణాన్ని కేంద్రం కఠినం చేసింది. ఆ ప్రమాణం ఉన్న బ్యాటరీ, కంపెనీ ఇచ్చిన ఛార్జరు మాత్రమే వాడాలి. మెట్ల కింద, గుమ్మానికి అడ్డంగా, నిద్రపోయే గదిలో ఛార్జింగ్ పెట్టకూడదు. గీజరుకు పెట్టే 16 ఆంపియర్ల సాకెట్టు, సరిపడా మందం వైరు, మంచి ఎర్తింగు, లీకేజీ వస్తే కరెంటు ఆపేసే బ్రేకరు ఉండాలి. ఎండలో తిరిగొచ్చిన బండిని కాసేపు చల్లారనిచ్చి ప్లగ్గు పెట్టాలి.

పాత లెడ్ బ్యాటరీల గురించి టీచరుగా ఒక మాట. వాటిని ఇళ్ల మధ్య పగలగొట్టి సీసం కరిగించే పని కొన్ని చోట్ల జరుగుతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆ నష్టం మళ్లీ పూడదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులదే. కాబట్టి పాత ఇనుము బండికి వేయకుండా డీలరుకే తిరిగి ఇవ్వాలి.

ప్రభుత్వం ఇచ్చేవి

ఉన్న రాయితీలను క్లుప్తంగా చెబుతాను. 2019 ఆగస్టు 1 నుంచి కరెంటు బండ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 2018 అక్టోబరు నుంచి బ్యాటరీతో నడిచే రవాణా బండ్లకు పర్మిట్ అవసరం లేకుండా కేంద్రం మినహాయింపు ఇచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది, ఇన్ని బండ్లకే అన్న పరిమితి లేదు.

సబ్సిడీ సంగతి వేరు. కేంద్రం 2015లో ఫేమ్ పథకం, 2019లో దాని రెండో దశ, 2024 అక్టోబరు 1న 10,900 కోట్లతో పిఎం ఇ-డ్రైవ్ తెచ్చింది. ఈ చివరి పథకంలో బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో యూనిట్‌కు మొదటి ఏడాది 5,000, రెండో ఏడాది 2,500 అని నిర్ణయించారు. అంటే తగ్గుతూ ముగిసేలా పెట్టిన సాయం. కాబట్టి సబ్సిడీ వస్తుందన్న ధైర్యంతో లెక్క వేసుకోవద్దు. అది లేకుండా నిలబడే లెక్క వేసుకోండి, వస్తే అదనం అనుకోండి.

అప్పుకు ముద్ర యోజన ఉంది. 2015 నుంచి నడుస్తోంది. 50,000 నుంచి 5 లక్షల దాకా ఇచ్చే కిశోర్ విభాగంలోకి ఆటో వస్తుంది, తాకట్టు అడగరు. ఎస్సీ, బీసీ, మైనారిటీ కార్పొరేషన్ల రుణాలూ ఉన్నాయి. వీటిలో చిక్కు ఒక్కటే. బ్యాంకుకు కాగితాలు కావాలి, తిరగాలి, ఆగాలి. ఫైనాన్స్ దుకాణంలో గంటలో పని అయిపోతుంది. రోజు కూలీతో బతికేవాడికి పది రోజులు తిరిగే ఓపిక ఎక్కడిది? ఆ పది రోజుల తొందరకు అతను చెల్లించిన ధరే ఆ 49,000.

ఇతరుల అనుభవం

కాఠ్మాండు నగరం ఈ పని మనకన్నా చాలా ముందే చేసింది. కొండల మధ్య గిన్నెలాంటి లోయలో డీజిల్ విక్రమ్ టెంపోల పొగ నిలిచిపోయేది. 1990లలో అక్కడ బ్యాటరీతో నడిచే టెంపోలు తెచ్చారు. సఫా టెంపో అంటారు, సఫా అంటే శుభ్రం. 1999లో డీజిల్ టెంపోలను లోయ నుంచి తీసేశారు. సఫా టెంపో ఛార్జింగ్ కోసం గంటలకొద్దీ ఆగనక్కరలేదు. స్టేషనుకు వెళితే ఖాళీ బ్యాటరీ తీసి నిండుది పెట్టేస్తారు. మహిళలు ఎందరో డ్రైవర్లయ్యారు. ఢిల్లీలో కూడా 2021లో 4,261 ఎలక్ట్రిక్ ఆటోల పర్మిట్లలో 33 శాతం మహిళలకు కేటాయించారు. గేరు, క్లచ్చు బాధ లేని బండి కాబట్టి నేర్చుకోవడం సులువు. భర్త పోయి పిల్లల భారం మీద పడ్డ తల్లులు మా బడిలోనూ ఉన్నారు. ఈ దారి వారికీ తెలియాలి.

కాఠ్మాండు నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. అక్కడ బండితో పాటు ఛార్జింగ్ చోటు కూడా ఏర్పాటు చేశారు. మన దగ్గర బండి మాత్రం అమ్మి, ప్లగ్గు సంగతి నీవే చూసుకో అంటున్నాం. సొంత ఇల్లు, గోడ, మీటరు ఉన్నవాడికి చౌక కరెంటు, లేనివాడికి ఖరీదు కరెంటు అయితే ఈ మార్పు కూడా ఉన్నవాడికే దక్కుతుంది.

మనం చేయగలిగినవి

ఊళ్లలో పనిచేసే సేవాసంస్థలు, బస్తీ సంఘాలు, యూనియన్లు అందరికీ బండ్లు కొనివ్వలేవు. కొనివ్వనక్కరలేదు కూడా. చిన్న పనులు నాలుగున్నాయి.

1. అద్దె ఇళ్లలో ఉండే డ్రైవర్ల కోసం ఒక ఖాళీ జాగాలో నాలుగైదు ప్లగ్గులు, ఛార్జింగ్ కేటగిరీ మీటరు పెట్టించడం. బండ్లు రాత్రి అక్కడే నిలపవచ్చు. వాడిన యూనిట్లకు ఎవరి డబ్బు వారు కడతారు.

2. విడి మీటరు డిపాజిట్‌కు, వైరింగుకు వడ్డీ లేని చిన్న అప్పు ఇవ్వడం. కొద్ది వేలతో అయ్యే పని. మన లెక్కలో నెలకు రెండు వేలు మిగిలింది కాబట్టి ఏడాది లోపే తిరిగి వస్తుంది, మరొకరికి ఇవ్వవచ్చు.

3. ముద్ర, కార్పొరేషన్ దరఖాస్తులు నింపడానికి, అప్పు కాగితం చదివి చెప్పడానికి వారానికి ఒక సాయంత్రం ఇద్దరు చదువుకున్నవాళ్లు కూర్చోవడం.

4. కిస్తీ తప్పే పరిస్థితి వస్తే, తప్పకముందే కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి గడువు అడగడంలో తోడు వెళ్లడం. ఒంటరిగా వెళ్లిన డ్రైవరుకూ, పక్కన ఇంకొకరితో వెళ్లిన డ్రైవరుకూ దొరికే జవాబులో తేడా ఉంటుంది.

ఇక బండి కొనబోయే సోదరులు తమను తాము అడగవలసిన ప్రశ్నలు ఇవి. రోజుకు నా తిరుగుడు ఎంత, ఒక్క ఛార్జింగ్‌కు అది సరిపోతుందా? రాత్రి ప్లగ్గు ఎక్కడ, ఆ చోటు మూడేళ్లు నాదేనా? వడ్డీ ఫ్లాటా, తగ్గే నిల్వా, వార్షిక శాతం రేటు ఎంత? వారంటీ కిలోమీటర్లలో ఎంత, కిస్తీలు ముగిసేదాకా ఉంటుందా? బండి చెడితే మా ఊళ్లోనే బాగుచేసేవాడు ఉన్నాడా, పట్నం పంపాలా? నెల రోజులు మంచాన పడితే కిస్తీ ఎవరు కడతారు? ఈ ఆరింటికీ జవాబు దొరికితే కొనండి. రెండింటికి దొరకకపోయినా కొన్నాళ్లు ఆగండి. బండ్లు ఎక్కడికీ పోవు.

ఈ ఏడాది నుంచి మా బడిలో తొమ్మిది, పది తరగతులకు వడ్డీ పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలోని లెక్కలు అయ్యాక ఒక నిజమైన అప్పు కాగితం, పేరు చెరిపేసి, బోర్డు మీద రాస్తున్నాను. ఫ్లాట్ అంటే ఏమిటో పిల్లలు ఇంటికి వెళ్లి తండ్రులకు చెబుతున్నారు. మొన్న ఒక అమ్మాయి వాళ్ల నాన్న అప్పు కాగితం ఫోన్లో ఫోటో తీసుకుని తెచ్చింది. సంతకం ఇంకా పెట్టలేదట. ఇద్దరం కూర్చుని చదివాం.

టైర్ల దుకాణంలో ఉన్న అబ్బాయికి ఓపెన్ స్కూల్ ఇంటర్ దరఖాస్తు తెచ్చి ఇచ్చాను. నింపాడు. పుస్తకాలు నేను ఇస్తానన్నాను. వాళ్ల నాన్న మళ్లీ కిరాయి డీజిల్ ఆటో నడుపుతున్నాడు. ఆ బండి పొగ రోజూ సాయంత్రం మా బడి గేటు ముందు నుంచే పోతుంది. ఈసారి ఆయన మళ్లీ కరెంటు బండి కొందామని వస్తే, కాగితంలో ప్రతి మాటా చదివిన తర్వాతే "బాగానే ఉంది" అంటాను.